కుజుణ్ణి చూడ్డానికి 2035 దాకా ఆగాలా?

అడిగిన ప్రశ్న: "అనంతపురంలో ఉంటాం. కుజుడి మీది నల్ల మచ్చలు, ధ్రువం దగ్గరి మంచు చూడాలని ఉంది. 2035లో బాగా దగ్గరికి వస్తాడంటున్నారు. అప్పటికి పెద్ద టెలిస్కోపు కొనుక్కోమంటారా?"

ఆగొద్దు. అంతకన్నా ముందే కుజుడు మనకు దగ్గరయ్యే 2027 ఫిబ్రవరి 19 చాలు మీకు. అంకెలు చూస్తే తేడా పెద్దదే, కాదనను. 2035 సెప్టెంబరులో కుజుడు 5.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో, 24.6 ఆర్క్ సెకండ్ల (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) బిళ్లగా ఉంటాడు. 2027లో 10.1 కోట్ల కిలోమీటర్లు, 13.8 ఆర్క్ సెకండ్లు. కానీ సెప్టెంబరులో మన జిల్లా మీద మబ్బు ఎట్లుంటుందో ఆ అంకెల్లో ఉండదు. ఏడాదిలో మనకు కాస్త గట్టిగా వాన పడేదే అప్పుడు.

మబ్బు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. 2018 జులై 27 గుర్తుందా? గురుపూర్ణిమ రాత్రి, 103 నిమిషాల సంపూర్ణ చంద్రగ్రహణం. ఎర్రబారిన చంద్రుడికి మూడు నాలుగు వేళ్ల వెడల్పు కిందనే కుజుడు. 2003 తర్వాత అంత దగ్గరికి రావడం అదే. తీరా టెలిస్కోపులో చూస్తే నున్నటి నారింజ బిళ్ల! మే చివర్లో అక్కడ లేచిన దుమ్ము జూన్ గడిచేసరికి గ్రహం మొత్తాన్ని కప్పేసింది. కుజుడి నేల మీద సూర్యరశ్మితో నడిచే నాసా బండి, ఆపర్చునిటీ రోవర్, జూన్ 10 తర్వాత మళ్లీ పలకలేదు. 1971లో నాసా నౌక మెరైనర్ 9 కుజుణ్ణి చేరుకున్నప్పుడూ ఇదే కథ: దుమ్ము మీద నాలుగు నల్ల చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు, అవి అగ్నిపర్వతాల శిఖరాలని తర్వాత తేలింది.

ఇది దురదృష్టం కాదు. కుజుడు మనకు బాగా దగ్గరయ్యేది తాను సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడే. అప్పుడే అక్కడి దక్షిణార్ధంలో ఎండ ముదిరి దుమ్ము లేస్తుంది. ప్రతిసారీ గ్రహమంతా కమ్ముతుందని కాదు, 2003లో కమ్మలేదు. అయినా బాగా దగ్గరికొచ్చే 2033, 2035 రెండూ ఆ కాలంలోనే పడుతున్నాయి. 2027లో మాత్రం కుజుడు సూర్యుడికి దూరంగా ఉంటాడు. ఉత్తర ధ్రువం మనవైపు వాలి ఉంటుంది, దాని తెల్లని మంచు కనబడుతుంది. అగ్నిపర్వతాల మీద తెల్ల మబ్బులు పట్టే కాలమూ అదే.

పైగా ఆ ఫిబ్రవరిలో కుజుడు ఆకాశంలో, భూమధ్యరేఖకు నేరుగా పైనున్న గీతకు 15 డిగ్రీల ఉత్తరాన ఉంటాడు. కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఉన్నది 14, 16 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్యే. అంటే రాత్రి పన్నెండున్నరకు సరిగ్గా మన నడినెత్తిన. అంత ఎత్తులో అడ్డొచ్చే గాలి పొర అన్నిటికన్నా పలచన. మఖ నక్షత్రానికి దగ్గర్లో వెతకండి. కాస్త పడమరగా ఇంకా పెద్ద వెలుగుతో తెల్లగా కనబడేది గురుడు, దాన్ని చూసి పొరబడొద్దు.

టెలిస్కోపు 6 అంగుళాల డాబ్సోనియన్ (పీట మీద తిరిగే, అడుగున అద్దం ఉన్న గొట్టం) సరిపోతుంది. దాని ఫోకల్ దూరం సాధారణంగా 1200 మి.మీ., 10 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకం) 120 రెట్లు, 6 మి.మీ.తో 200. కంటికి చందమామ ఎంత కనబడతాడో కుజుడు అంత కనబడాలంటే 135 రెట్లు కావాలి. (ఏటా ఆగస్టులో "కుజుడు చంద్రుడంత కనబడతాడు" అని వాట్సాప్‌లో తిరిగేది 2003 నాటి ఈమెయిల్. అందులో 75 రెట్లు పెంచి చూస్తే అని ఉన్న మాటను ఎవరో మింగేశారు.) డబ్బా మీద 525 రెట్లు అని వేసిన 60 మి.మీ. బొమ్మ జోలికి మాత్రం పోవద్దు. దానికి 120 దాటితే అంతా బూజే, స్టాండు వణుకు అదనం.

అన్నిటికన్నా ముఖ్యం ఎక్కడ పెడతారన్నది. దాదాపు అందరూ మిద్దె మీద పెట్టి, గ్రహం అల్లాడుతోందని టెలిస్కోపును తిడతారు. పగలంతా కాగిన కడప బండ, బేతంచెర్ల రాయి, సిమెంటు స్లాబు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటాయి. పొయ్యి మీది పెనం పైనుంచి చూస్తే అవతలి గోడ ఎట్లా వణుకుతుందో, కుజుడూ అట్లాగే వణుకుతాడు. పెరట్లోనో కల్లంలోనో మట్టి నేల మీద పెట్టండి. రెండు గంటల ముందే బయట ఉంచి మూత తీయండి, ఇంట్లోంచి తెచ్చిన అద్దం చల్లబడాలి. వీధి దీపాల గురించి దిగులొద్దు. నిజానికి దగ్గర్లో ఒక బల్బు వెలుగుతుంటేనే మేలు. చీకట్లో కంటిపాప విచ్చుకుంటే కుజుడి వెలుగు కొట్టేసి మచ్చలు కనబడవు.

ఎక్కువ రెట్లు చూపే ఐపీస్ పెట్టే ముందు మఖను తీసుకుని కొంచెం ఫోకస్ తప్పించండి. వలయాలు, మధ్యలో నల్లచుక్క కనబడతాయి. చుక్క పక్కకు జరిగి ఉంటే కింది అద్దం వెనకున్న మరల్ని కాస్త కాస్త తిప్పండి, తిప్పిన ప్రతిసారీ నక్షత్రాన్ని మళ్లీ నడిమికి తేవాలి. వలయాలు కాలువ నీళ్లలా పారుతుంటే తప్పు గాలిది, మరల్ని ముట్టుకోవద్దు. చుక్కలు మిలమిల మెరిసే రాత్రి కన్నా, కాస్త మసకగా ఉండి గాలి కదలని రాత్రే గ్రహాలకు మంచిది.

డాబ్సోనియన్‌కు నడినెత్తిన ఒక చిక్కుంది: గొట్టం నిటారుగా నిలబడ్డాక పక్కకు తిప్పడం మహా కష్టం. అందుకని పదకొండుకో, రెండు గంటలకో చూడండి. ఐపీస్‌కు నారింజ రంగు 21వ నంబరు ఫిల్టరు (రంగు అద్దం) పెడితే మచ్చలు తేలతాయి. ముదురు ఎరుపు 25 మాత్రం 6 అంగుళాలకు మరీ చీకటి.

మొదటి రాత్రే ఏమీ లేని బోసి ముఖం కనబడితే కంగారు పడొద్దు. కుజుడి రోజు మనకన్నా 40 నిమిషాలు ఎక్కువ. రోజూ అదే వేళకు చూస్తే దాదాపు అదే ముఖం, పది డిగ్రీల లోపే తేడా. ఓపికుంటే అదే రాత్రి మూడు గంటలు కూర్చోండి, 44 డిగ్రీలు తిరుగుతాడు. లేదంటే రెండు వారాలు ఆగి చూడండి, సర్టిస్ మేజర్ అనే నల్లటి త్రికోణం మీవైపు తిరిగే అవకాశం ఉంటుంది. 38 రోజుల్లో గ్రహం చుట్టూ చూసేసినట్టే. మార్చి మూడో వారానికి రాత్రి పదికల్లా నడినెత్తికి వస్తాడు కాబట్టి నిద్ర కూడా చెడదు.