నల్సార్ రాలేదు, విశాఖ వచ్చేలా ఉంది: ఏడాది ఆగమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంఈసీ. క్లాట్‌లో, అంటే నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్షలో, రెండు వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. హైదరాబాద్ లా యూనివర్సిటీ నల్సార్ రాదని తేలిపోయింది. విశాఖ, తిరుచిరాపల్లి, సిమ్లా, ఈ మూడింట్లో ఏది మంచిది? లేక ఒక ఏడాది లాంగ్ టర్మ్ పెట్టించి మళ్లీ రాయించమంటారా? ప్యాకేజీలు ఎక్కడ బాగుంటాయి? ఐదేళ్లకు పదిహేను లక్షలదాకా అవుతుందని లెక్క వేశాం, బ్యాంకు లోను తీసుకుంటాం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కోర్సు అవగానే జడ్జి పరీక్ష రాయించాలని మా ఆలోచన. అమ్మాయి మాత్రం విశాఖ చాలు, కోర్టులో వాదించాలి అంటోంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు.
– ఒక తండ్రి, నరసరావుపేట

పేరు రాయొద్దన్నారు కాబట్టి నరసరావుపేట నాన్నగారూ అనే పిలుస్తాను.

ఏటా క్లాట్ ఫలితాలు వచ్చిన వారం నుంచి ఇలాంటి ఉత్తరాలు మొదలవుతాయి. ఊరు మారుతుంది, ర్యాంకు మారుతుంది, మిగతాదంతా ఒకటే. పైకి అడిగేది ఏ కాలేజీ అని. లోపల గుచ్చుకునేది వేరు: నల్సార్ రానప్పుడు ఈ చదువే దండగేమో, అందరిలా ఇంజినీరింగ్‌లో పడెయ్యక తప్పు చేశామేమో అని. ముందు దానికి జవాబు చెప్పేస్తాను. మీరు తప్పేం చెయ్యలేదు. ఏడాది ఆగొద్దు. విశాఖ పెట్టించండి. కారణాలు కింద ఉన్నాయి, నాలుగు చీవాట్లు కూడా అక్కడే ఉన్నాయి.

మన ఇళ్లలో నేషనల్ లా యూనివర్సిటీ అనగానే ఐఐటీ గుర్తొస్తుంది. పేరులో నేషనల్ ఉంది కదా, అన్నీ ఢిల్లీవాళ్లే నడుపుతారనుకుంటారు. అది నిజం కాదు. బెంగళూరుది 1987లో కర్ణాటక చట్టంతో వచ్చింది. శామీర్‌పేటలోని నల్సార్ 1998లో, విశాఖలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ 2008లో అప్పటి ఉమ్మడి రాష్ట్రం పెట్టుకున్నవి. తిరుచిరాపల్లిది తమిళనాడుది, సిమ్లాది హిమాచల్‌ది. ఎవరిది వాళ్లు పెట్టుకున్నారు గనక అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండవు. ఒక వైస్ ఛాన్సలర్ మారి, నలుగురు మంచి మాస్టార్లు వేరేచోటికి వెళ్లిపోతే రెండేళ్లలో కాలేజీ తీరే మారిపోతుంది.

బెంగళూరు, హైదరాబాద్, కోల్‌కతా లాంటి మొదటి నాలుగైదింటికీ మిగతావాటికీ తేడా ఉంది, లేదంటే మిమ్మల్ని మభ్యపెట్టినట్టే. అక్కడ పాత విద్యార్థుల బలగం పెద్దది, పెద్ద ఫర్ములు వెతుక్కుంటూ వస్తాయి. కానీ మీ అమ్మాయి ర్యాంకుకు అందే కాలేజీల మధ్య మీరు అనుకుంటున్నంత దూరం లేదు. పన్నెండో స్థానం, పదిహేనో స్థానం అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ల మాట విని మీరు నిద్ర పాడుచేసుకుంటున్నారు. క్లాసులో కూర్చున్న పిల్లకు ఆ తేడా తెలియనే తెలియదు.

సరే, పోలిక అడిగారు కాబట్టి. సిమ్లాలో హైకోర్టు ఊళ్లోనే ఉంది, అది మంచిదే. తిరుచిరాపల్లికి మద్రాసు హైకోర్టు మదురై బెంచి అందుబాటులో ఉంటుంది. అయితే ఆ కోర్టు వరండాల్లో పరిచయమైన సీనియర్లు రేపు మీ అమ్మాయికి పల్నాడులో ఏం అక్కరకొస్తారు? అమరావతిలో మన హైకోర్టు మీ జిల్లా పక్కనే ఉంది. విశాఖ యూనివర్సిటీ ఉన్న సబ్బవరంలో చదువుకుంటూ సెలవుల్లో ఇంటికొస్తే, ఇంటి భోజనం చేసి హైకోర్టులోనో గుంటూరు కోర్టులోనో ఇంటర్న్‌షిప్ చేసుకోవచ్చు. పైగా విశాఖలో మన రాష్ట్రం పిల్లలకు స్థానిక కోటా ఉంది, మీరంతా మొదట్నుంచీ ఈ రాష్ట్రంలోనే ఉన్నారు కాబట్టి ధ్రువపత్రంతో ఇబ్బంది రాదు. (హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీలో రెండేళ్లు ఇంటర్ చదివించి, ఇక నల్సార్‌లో తెలంగాణ కోటా మాదే అనుకునే ఆంధ్రా తల్లిదండ్రులు ఏటా తగుల్తారు. స్థానికత అలా రాదు.) పోలిక ఇంతే. ఇంతకన్నా సాగదీస్తే లేని తేడాలు కల్పించాల్సి వస్తుంది.

ఇక ప్యాకేజీ. మీ పూర్తి ఉత్తరంలో ఆ మాట ఆరుచోట్ల ఉంది, నేను కుదించి పైన ఒక్కటే ఉంచాను. ముంబై, ఢిల్లీ పెద్ద లా ఫర్ములు కొత్తగా చేరినవాళ్లకే ఏడాదికి పదిహేను లక్షలకు పైన ఇస్తున్న మాట నిజం. ఇప్పుడు లా చదువుకు ఇంత గిరాకీ రావడానికి కారణం కూడా అదే. ఇంతకీ ఆ పని ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పారా? ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటోందనుకోండి. అమ్మే కంపెనీ లీజులు, అప్పు కాగితాలు, ఉద్యోగుల ఒప్పందాలు వందల కొద్దీ వచ్చి పడతాయి. ఒక్కోటీ చదివి, ఏ షరతు ఎక్కడ అడ్డొస్తుందో పట్టికలో ఎక్కించాలి. దీన్ని డ్యూ డిలిజెన్స్ అంటారు. రాత్రి పదకొండింటికి క్లయింటు మెయిల్ వస్తే తెల్లారేసరికి మార్చి పంపాలి. ఏళ్ల తరబడి జడ్జి ముఖం చూడకుండా ఇదే చేసే లాయర్లు ఉన్నారు. ఇష్టంగా చేసేవాళ్లను చూశాను, పని చెడ్డదని అనను. కానీ నాలుగేళ్లకే ఒళ్లు హూనమై, ఇప్పుడు కోర్టుకు వెళ్తే ఎవరైనా జూనియర్‌గా పెట్టుకుంటారా అని అడగడానికి వచ్చినవాళ్లనూ చూశాను. వాళ్లంతా మీరు కలలు కంటున్న కాలేజీల్లో చదివినవాళ్లే.

మాధవ మీనన్ గారు బెంగళూరులో ఈ ఐదేళ్ల చదువు మొదలుపెట్టింది న్యాయవాద వృత్తికి మెరికల్లాంటి పిల్లలు రావాలని. ఇప్పుడు ఆ మెరికలు కోర్టు గేటు దాటి ఇటు రావడమే గగనమైంది. మీ ఇంట్లో ఒక పిల్ల తనంతట తాను కోర్టులో వాదిస్తానంటుంటే, మీరు దానికేం తెలుసు అంటున్నారు! ఉత్తరం మొత్తంలో లాయర్ మాట్లాడినట్టున్నది ఆ ఒక్క వాక్యమే.

నన్ను నిజంగా భయపెట్టింది మీ లోను. పదిహేను లక్షలు, పది శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుందాం. నెలకు దాదాపు ఇరవై వేలు కట్టాలి. చదువుకునే ఐదేళ్లలో పేరుకునే వడ్డీని ఇందులో కలపలేదు. ఇప్పుడు రెండో అంకె చూడండి. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్ లాయర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వమని సీనియర్లకు చెప్పింది. అది కూడా సలహానే, ఆజ్ఞ కాదు. అంటే మంచి మనసున్న సీనియర్ దొరికినా, ఒకటో తారీఖున చేతికొచ్చింది ఐదో తారీఖున బ్యాంకు పట్టుకుపోతుంది. బస్సు చార్జీలకు మళ్లీ మీ దగ్గరే చెయ్యి చాచాలి. అప్పుడు పిల్ల ఏం చేస్తుంది? వాదించాలన్న కోరికను మడిచి పెట్టెలో పెట్టి, ఎవరు జీతమిస్తే అక్కడ చేరుతుంది. ఆమె ఏమవ్వాలో ఆ పూట బ్యాంకే తేలుస్తుంది.

అందుకని లోను వీలైనంత చిన్నది చెయ్యండి. పెళ్లికని దాచింది ఎంతో కొంత ఉండే ఉంటుంది, ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఉండకపోవడం నేను చూడలేదు. అందులోంచి తియ్యండి. తీసుకున్న లోనుకు వడ్డీ మాత్రం చదువుకునే రోజుల్లోనే నెలనెలా కట్టేస్తూ పోండి.

జడ్జి పరీక్ష గురించి కూడా మీ లెక్క సరిచూసుకోవాలి. కోర్సు అవగానే రాసే రోజులు పోయాయి. 2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న పాత నిబంధనను మళ్లీ తెచ్చింది. ఐదేళ్ల చదువు, ఆపైన బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు, మూడేళ్లు కోర్టులో తిరగడం, అప్పుడు పరీక్ష. ఆ మూడేళ్లూ ఇంటి నుంచి ఎంతో కొంత ఆసరా కావాలి. ప్యాకేజీ అడిగేముందు, ఆ మూడేళ్లు నేను నిలబడగలనా అని మిమ్మల్ని మీరు అడగండి.

తెలుగు మీడియం గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు గానీ, అసలు బెంగ అక్కడే ఉందని నాకు తెలుసు. ఢిల్లీ, ముంబై పిల్లల మధ్య మన పిల్ల బిక్కచచ్చిపోతుందేమో అని. మొదటి సెమిస్టర్‌లో అవుతుంది. కాలేజీలో పెట్టే నమూనా కోర్టులో (మూట్ కోర్టు అంటారు) నోరు పెగలదు, ఫోన్ చేసి ఏడుస్తుంది, మీరు వెంటనే వచ్చెయ్ అనకుండా ఉంటే చాలు. ఇప్పటినుంచే రోజుకో చిన్న హైకోర్టు ఉత్తర్వు చదివి, అరపేజీలో తన మాటల్లో రాయమనండి. పెద్ద పెద్ద రాజ్యాంగ తీర్పుల జోలికి ఇప్పుడు వద్దు. అద్దె గొడవో, బెయిల్ పిటిషనో చాలు. మూడో సెమిస్టర్‌కి ఇంగ్లీషు అలవాటైపోతుంది. క్లాట్ పేపరంతా ఇంగ్లీషే కదా, అందులో రెండు వేల ర్యాంకు తెచ్చుకున్న పిల్లకు ఇంగ్లీషు రాదని ఎవరన్నారు?

ఆ తెలుగే తర్వాత అన్నం పెడుతుంది. ఒక పేరున్న లా యూనివర్సిటీ అమ్మాయి వేసవిలో నాకు తెలిసిన ప్లీడరు గారి ఆఫీసులో ఇంటర్న్‌గా చేరింది. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. ఆయన ఒక పాత విక్రయ దస్తావేజు చేతికిచ్చి సారాంశం రాసుకురమ్మన్నారు. గొలుసుకట్టు రాత, ‘తూర్పు: డొంక, పడమర: ఫలానా వారి చెలక’ అంటూ హద్దులు. ఆ పిల్ల అరగంట కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, చివరికి గుమస్తా దగ్గరికి తీసుకెళ్లింది. ఆ గుమస్తా కళ్లజోడు సవరించుకుని ఐదు నిమిషాల్లో చదివిపెట్టాడు. మన జిల్లా కోర్టుల్లో దావాలు సగం ఇలాంటి కాగితాల మీదే నడుస్తాయి, సాక్షులు తెలుగులోనే చెబుతారు. 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ ఎన్.వి. రమణ గారిది అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం, లా చదివింది మీకు దగ్గర్లోని నాగార్జున యూనివర్సిటీలో.

లాంగ్ టర్మ్ సంగతి. నూట ఇరవై ప్రశ్నల పేపరు. మీ అమ్మాయి ఉన్నచోట రెండు మూడు ప్రశ్నలు అటూ ఇటూ అయితే వందల ర్యాంకులు తారుమారవుతాయి. పైకి పోవచ్చు, కిందికీ రావచ్చు. పిల్ల తనే పట్టుబట్టి మళ్లీ రాస్తానంటే నేను అడ్డు చెప్పను. మీ పట్టుదల కోసం ఆమె ఒక ఏడాది గదిలో కూర్చోవడానికి మాత్రం ఒప్పుకోను. బెంగళూరు మోజు అంతగా ఉంటే తర్వాత ఎల్‌ఎల్‌ఎంకి, అంటే లా పీజీకి, వెళ్లొచ్చు. డిగ్రీ అయినవాళ్లకు అక్కడ 2022 నుంచి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కూడా ఉంది. తలుపులు ఒక్క డిసెంబరు క్లాట్‌తో మూసుకుపోవు. ఇంకో మాట, ఇంటర్ పరీక్షలు ముందున్నాయి. ర్యాంకు వచ్చినా ఇంటర్‌లో కనీస మార్కులు లేకపోతే సీటు నిలవదు. ఇంట్లో రోజూ ఈ పంచాయితీ పెట్టి ఆమె చదువు పాడుచెయ్యకండి.

కౌన్సెలింగ్‌లో ప్రాధాన్యాల క్రమం ముఖ్యం. విశాఖ మొదట పెట్టి, అదే వస్తే ఫ్రీజ్ చేసెయ్యండి, అంటే ఆ సీటే ఖాయం చేసుకోండి. దానిపైన ఇంకేదో సరదాకి పెట్టి ఫ్లోట్, అంటే పైది వస్తే మారతాం, అన్నారంటే, తర్వాతి జాబితాలో ఆ పైది వచ్చిందా, చేతిలో ఉన్న విశాఖ పోతుంది. సరదాకి పెట్టాం సార్ అని ఆ తర్వాత నాకు ఫోన్ చేస్తే నేనేం చెయ్యలేను. ఆ జాబితా నింపే రోజు కంప్యూటర్ ముందు అమ్మాయిని కూర్చోబెట్టండి. మీరు పక్కన కుర్చీ వేసుకోండి, ఓటీపీ వచ్చే ఫోను ఎలాగూ మీ దగ్గరే ఉంటుంది.