పేరు మార్చే ముందు పురుగు కాళ్ళు చూడు

చిరంజీవి మేనకోడలికి,

ఒంగోలు నుంచి మామయ్య ఆశీస్సులు. మ్యూజియంలోని పెంకు పురుగు శిలాజాన్ని ఎప్పుడో తప్పు కుటుంబంలో చేర్చారని నీ అనుమానం. మూడు ఫొటోలు పంపి "పేపర్ రాసేయనా?" అన్నావు. అప్పుడే వద్దు. ముందు ఆ జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న అసలు నమూనాను, అంటే హోలోటైప్‌ను, నీ కళ్ళతో చూసిరా. లైటు కాస్త పక్కకు జరిపితే ఫొటోలో గీతలా ఉన్నది నీడని తేలిపోవచ్చు.

ఒక పని చెయ్యి. మీ అమ్మ శనగలు చెరిగేటప్పుడు దొరికే పుచ్చు పురుగును భూతద్దం కింద పెట్టు. వెనక తొడలు లావుగా ఉండి, లోపలి అంచు చివర చిన్న ముల్లు కనిపిస్తుంది. దీని దగ్గరి చుట్టాల్లో తొడలు ఇంకా బలిసి, కప్ప కాళ్ళలా ఉండేవి ఉన్నాయి. 1995లో అమెరికాలోని కొలరాడోలో దొరికిన 4.9 కోట్ల ఏళ్ళ నాటి శిలాజాన్ని డెన్వర్ మ్యూజియంలో పొడవు మీసాల పురుగుగా ప్రదర్శనకు పెట్టారు. అక్కడి ఫ్రాంక్ క్రెల్ కన్ను దాని వెనక కాళ్ళ మీద పడింది. లావుగా, వంకరగా ఉన్నాయి. ఫ్రాంచెస్కో విటాలీతో కలిసి 2021లో దాన్ని ఆకు పురుగుల కుటుంబంలోకి (మన పుచ్చు పురుగుదీ ఇదే) తెచ్చి, పుల్క్రిట్యూడో అటెన్‌బరోయి అని పేరు పెట్టారు.

అలాగని తొడ ఒక్కటి చూసి గెంతకు. తొడలు బలిసి గెంతే పురుగులు వేరే కుటుంబాల్లోనూ ఉన్నాయి, కొన్ని ముక్కు పురుగులకూ తొడలు బలిసే ఉంటాయి. పాదంలో ముక్కలు లెక్కపెట్టి తేలుద్దామన్నా కుదరదు: పొడవు మీసాల వాటికీ ఆకు పురుగులకూ ఐదుంటాయి, నాలుగే కనిపిస్తాయి. మీసం మొదలు ఎక్కడుంది, పొట్ట కింది పలకలు ఎలా ఉన్నాయి, అవన్నీ కలిపి చూడాలి. రాతి బరువుకు నలిగిన ఒళ్ళు వెడల్పు మారుతుందని కూడా మరిచిపోకు.

బొమ్మ నువ్వే గియ్యి. కనిపించింది నిండు గీత, ఊహించింది చుక్కల గీత. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. లెక్చరర్‌గా చేరిన కొత్తలో మన వేమవరం షేల్ (పొరలు పొరలుగా చీలే మట్టిరాయి) రాళ్ళలో పురుగు రెక్క పెంకు దొరికిందని వారం రోజులు ఊరంతా చాటాను. తీరా అది విత్తనం ముక్క! ఆ రాళ్ళు మొక్కల శిలాజాలకే పేరుపడ్డవి, నాకే ఆగే ఓపిక లేకపోయింది.

రాయి మీద ఆల్కహాల్ చుక్క వేస్తే గుర్తులు తేటపడతాయి కానీ, మ్యూజియం వాళ్ళను అడక్కుండా వెయ్యకు. రాయి చీలినప్పటి రెండో సగం ఉందేమో వెతికించు, చాలాసార్లు కాళ్ళు అందులోనే ఉండిపోతాయి. అంతా చూశాక కూడా కుటుంబం తేలకపోతే "స్థానం అనిశ్చితం" అని రాయి, నామోషీ ఏం లేదు.

పేరు సంగతి చివర్న. ప్రజాతి (జీనస్) మారితే మొదట పేరు పెట్టినవారి పేరు బ్రాకెట్లలోకి వెళ్తుంది, జాతి (స్పీసీస్) పేరు విశేషణమైతే కొత్త ప్రజాతి లింగాన్ని బట్టి దాని చివర మారుతుంది.

రెండో సగం దొరికిందో లేదో ఫోన్ చెయ్యి. మీ అత్త శనగలు పంపుతానంటోంది, పుచ్చువి విడిగా కట్టమన్నాను.

మీ మామయ్య