అల్బేనియా ఐసో పాటల్లో వెనక మోగేది మన తంబురా లాంటిదేనా?

అల్బేనియా జానపద పాటలు విన్నారు. వెనక ఒకే స్వరం (దాన్నే ఐసో అంటారు) అదేపనిగా సాగుతోంది, అది మన శ్రుతి లాంటిదేనా, ఏవి ముందు వినాలి అని అడిగారు.

సగం వరకు అవును. ఇటలీలో ఉద్యోగం చేసేటప్పుడు దక్షిణ అల్బేనియాలోని వ్లోరా నుంచి వచ్చిన స్నేహితుడు వాళ్ళన్నయ్య పెళ్ళికి పిలిస్తే వెళ్ళాను. నాకు కొంచెం కర్ణాటక సంగీతం వచ్చని తెలిసి, భోజనాలయ్యాక వాళ్ళ పెదనాన్న నన్ను ఐసో పట్టేవాళ్ళ పక్కన కూర్చోబెట్టాడు. తేడా అక్కడే తెలిసింది. తంబురాకి సాహిత్యంతో పనిలేదు, ఏ పాటైనా ఒకేలా మోగుతుంది. ఐసో పట్టేది మనుషులు. ముందు ఒకరు ఒంటరిగా పాట ఎత్తుకుంటారు, రెండోవారు దాన్ని అందుకుని తిప్పుతారు, ఆ తర్వాతే మిగతావాళ్ళంతా ఆధార స్వరంతో కలుస్తారు. వ్లోరా వైపు లాబ్ జనం పద్ధతిలో ఆ ఆధార స్వరం కూడా ఒక్కోసారి పాట మాటల్నే లయతో పలుకుతుంది. నాలుగు గొంతుల పాట వీళ్ళదే. దక్షిణాదిలోనే ఉండే తోస్క్ జనం మాత్రం 'ఎ' అనే అచ్చు మీద తెగకుండా పడతారు. పక్కవాడు ఊపిరి తీసుకుంటున్నప్పుడు మీరు తీసుకోకూడదు, అంతే రహస్యం. చెప్పడం తేలిక, పాట పొడుగైతే డొక్కలు పట్టేస్తాయి!

మన చెవికి అసలు ఇబ్బంది వేరే చోట. స్వరాలు ఎక్కువగా అయిదే, కాబట్టి మొదట మన మోహన రాగానికి దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది. ఇంతలో ఒక గొంతు ఆధార స్వరానికి ఆనుకుని పక్క స్వరం మీద నిలబడిపోతుంది. స, రి రెండూ కలిపి మోగినట్టు. మనమైతే శ్రుతి తప్పిందంటాం. వాళ్ళకు ఆ ఒరిపిడే రుచి. నాకూ ఇప్పుడు అది లేని పాట చప్పగా ఉంటుంది.

వినడానికి పెర్మెట్ వైపు తోస్క్ పాటలతో మొదలుపెట్టండి, మెత్తగా ఉంటాయి. తర్వాత సముద్రతీరాన ఉన్న హిమారా పాటలు. నెచో ముకో బృందం 1930 ప్రాంతంలో పారిస్‌లో ఇచ్చిన రికార్డులు దొరికితే వదలొద్దు. లాబ్ పాటలు ఆఖరికి ఉంచండి. దేశం మధ్యలో పారే ష్కుంబిన్ నదికి ఉత్తరాన ఈ పద్ధతి అంతగా కనిపించదు. అక్కడ లహుతా అనే ఒంటితీగ వాద్యంతో ఒక్కరే వీరగాథలు పాడతారు, అది వేరే లోకం.

ఈ ఐసో పాటల్ని యునెస్కో 2005లో గుర్తించిందని అందరూ రాస్తారు గానీ, 1968 నుంచి దక్షిణాన జిరోకాస్తర్ ఊరి కోటలో జరుగుతున్న జానపద ఉత్సవాల రికార్డింగులే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. పాతవాటిలో ఎన్వర్ హోజా పేరు మాటిమాటికీ వినిపిస్తుంది. అప్పట్లో దేశ పాలకుడు ఆయనే, పుట్టిందీ ఆ ఊళ్ళోనే. మాటలు భజనే అయినా గొంతులు అద్భుతం.