మసాజ్ మిషన్ కొనేముందు మీ అమ్మగారి కాళ్లు ఒకసారి చూడండి

పదివేల లోపు ఇంట్లో వాడుకోవడానికి మసాజ్ మిషన్ ఏది మంచిదని అడిగారు. కాళ్లు లోపల పెట్టుకునేదా, చేత్తో పట్టుకునే మసాజ్ గన్నా అని మీ సందేహం. మీ అమ్మగారికి 58 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగరు, రాత్రయితే అరికాళ్లు మంటలు, పిక్కలు లాగుతున్నాయంటున్నారు. మీకేమో కంప్యూటర్ ముందు కూర్చుని మెడ పట్టేస్తోంది. మా ఇంట్లో ఎనిమిదేళ్లలో నాలుగు రకాల మిషన్లు వాడాం. అందులో ఒకటి మా నాన్న ప్రాణం మీదికి తెచ్చేదే. అది ముందు చెప్తాను, ఏది కొనాలో తర్వాత మాట్లాడుకుందాం.

నాన్న ఆర్టీసీ డ్రైవరు. ఇరవై తొమ్మిదేళ్లు సిటీ బస్సు నడిపాడు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ పిక్క రాయిలా గట్టిపడి ఉండేది. డ్యూటీ దిగి వచ్చాక బోర్లా పడుకుంటే చిన్నప్పుడు నేనూ తమ్ముడూ గోడ పట్టుకుని ఆయన పిక్కల మీద నిలబడి తొక్కేవాళ్లం. మేం పెద్దయ్యాక ఆ పని అమ్మ మీద పడింది. అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. పొద్దంతా కత్తెర పట్టిన చేతులతో రాత్రి మళ్లీ నూనె పెట్టి కాళ్లు ఒత్తడం చూడలేక కాళ్ల మసాజర్ కొన్నాను. అడుగున తిరిగే రోలర్లు, రెండు పక్కలా పిక్కల్ని పిసికే రబ్బరు బిళ్లలు ఉండేది. నాన్నకు భలే నచ్చింది. రోజూ రాత్రి వార్తలు చూస్తూ పదిహేను నిమిషాలు పెట్టుకునేవాడు. నిజంగానే హాయిగా నిద్రపోయేవాడు కూడా.

రెండేళ్ల కిందట అమ్మా నాన్నా కాశీ వెళ్లొచ్చారు. తిరుగు ప్రయాణంలో ఒక పగలూ ఒక రాత్రీ దాటి రైల్లోనే కూర్చున్నారు. వచ్చిన రెండో రోజు నుంచి ఎడమ పిక్క సలుపుతోందన్నాడు. "క్లచ్ కాలు గదా, మామూలే" అని ఆయనే తేల్చేశాడు, మేమూ సరే అనుకున్నాం. ఆ రాత్రి మిషన్ పెట్టుకున్నాడు, తర్వాతి రాత్రీ పెట్టుకున్నాడు. నొప్పి తగ్గకపోతే స్పీడు పెంచింది నేనే.

మూడో రోజు సాయంత్రం కింది పోర్షన్‌లో ఉండే నర్సు అమ్మాయి జాకెట్టు ముక్క ఇవ్వడానికి పైకి వచ్చింది. నాన్న లుంగీలో కాళ్లు చాపుకుని ఉన్నాడు. ఆమె గుమ్మం దగ్గరే ఆగి, "పెద్దాయనా, ఒక్క కాలే ఎందుకు వాసింది?" అంది. అమ్మ మెడలో కొలతల టేపు ఉంటే, ఆ నర్సు అది తీసుకుని నాన్న ముందు కూర్చుంది. మోకాలి చిప్ప నుంచి నాలుగు వేళ్ల కింద బాల్‌పెన్నుతో రెండు కాళ్లకూ గీత పెట్టి, ఆ గీతల మీద కొలిచింది. కుడి పిక్క పద్నాలుగు అంగుళాలు, ఎడమది పదిహేనున్నర. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి తీస్తే అక్కడ గుంట అలాగే ఉండిపోయింది. ఆ కాలు చేతికి వెచ్చగా కూడా తగిలింది. "ఆంటీ, మిషన్ బంజేయండి. చేత్తో ఒత్తుడు గూడ వద్దు, నూనె రాసుడు వద్దు. ఇప్పుడే దవాఖానకు తీస్కపోండి, పొద్దున దాక ఆగకండి" అంది.

రాత్రి తొమ్మిదింటికి, నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేశారు. మోకాలి వెనక లోతుగా ఉండే సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. దీన్నే డీవీటీ అంటారు. గంటల తరబడి కాళ్లు కదపకుండా కూర్చున్నప్పుడు పిక్కల్లో రక్తం నిదానించి ఇలా గడ్డ కట్టవచ్చట. ఆ గడ్డలో ముక్క విడిపడితే రక్తంతోపాటు గుండెలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి పోయి అడ్డం పడుతుంది, మనిషి నిమిషాల్లో పోవచ్చు. "ఇలాంటి కాలిని పిసకడం, మర్దన చేయడం అస్సలు పనికిరాదు" అని డాక్టరు చెబుతుంటే నేను స్పీడు పెంచిన బటన్ గుర్తొచ్చి కాళ్లూ చేతులూ ఆడలేదు. రక్తం పలచబడే మాత్రలు ఆరు నెలలు వాడారు. ఇప్పుడు నాన్న బాగున్నారు. మిషన్ తప్పేం లేదు, అది చేసే పని అది చేసింది. నొప్పి ఎక్కడుంటే అక్కడ ఒత్తడమే మనకు తెలుసు, ఎందుకు నొప్పి అని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

అందుకే మీ అమ్మగారి సంగతి ముందు. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టించి చూడండి. ఒక కాలే వాచినా, ఎర్రబడినా, వెచ్చగా ఉన్నా మిషన్ మాట ఎత్తకుండా ఆరోజే డాక్టరుకు చూపించండి. దానికి తోడు ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ ఉంటే 108కి ఫోన్ చేయడమే.

రెండు కాళ్లూ ఒకేలా ఉన్నా, అరికాళ్లు రాత్రిపూట మండుతున్నాయన్నారే, అదీ వట్టి అలసటలా అనిపించడం లేదు నాకు. షుగరు ఏళ్ల తరబడి ఉంటే కాళ్లలో నరాలు దెబ్బతిని మంటలు, తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండటం మొదలవ్వచ్చు. దానికి మందు వేరే ఉంది, మిషన్ ఆ నరాల్ని బాగుచేయలేదు. పైగా ఆ పాదాలకు స్పర్శ తగ్గి ఉండొచ్చు. మా చిన్నమ్మది ఇదే కథ. మిషన్ లోపలి గుడ్డ కుట్టు దగ్గర మడత పడి మడమకు రాసుకుంటుంటే ఆమెకు తెలియనే లేదు. దుప్పటి మీద రక్తపు మరక చూసి కోడలు కనిపెట్టింది. ఆ పుండు మానడానికి రెండు నెలలకు పైనే పట్టింది. ఇక వేడి ఇచ్చే బటన్ ఉన్న మిషన్లయితే మరీ ప్రమాదం. స్పర్శ తెలిసిన మనిషి చురుక్కుమంటే కాలు తీసేస్తాడు, తెలియని మనిషి అలాగే ఉంచేస్తాడు. షుగరు డాక్టర్లు సన్నటి నైలాన్ దారం అరికాలికి తాకించి స్పర్శ ఎంత ఉందో చూస్తారు. ఐదు నిమిషాల పని, నొప్పి ఉండదు. అది చేయించి, మిషన్ వాడొచ్చా అని అక్కడే అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు కూడా అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు మిషన్ల సంగతి. అన్నీ మసాజర్లే అంటారు గానీ లోపల జరిగే పని వేరు వేరు. అన్నింటికన్నా చవకగా వచ్చేవాటిలో మోటారు ఇరుసుకు ఒకవైపు బరువు బిళ్ల ఉంటుంది. అది తిరిగితే మొత్తం వణుకుతుంది, మన ఫోను వైబ్రేట్ అయినట్టే. మా మొదటి మిషన్ అదే, నాంపల్లి నుమాయిష్‌లో కొన్న నడుం బెల్టు. స్టాల్ అతను అమ్మ నడుముకు కట్టి చూపిస్తే అక్కడ బాగానే అనిపించింది. ఇంటికొచ్చాక చర్మం దురద పెట్టడం తప్ప కండకు అందిందేమీ లేదు, మూడో వారానికి మాడు వాసన వచ్చింది. దాంతో కొవ్వు కరుగుతుందని కూడా చెప్పి అమ్మారు. వణికితే కొవ్వు కరగదు. అలాంటి మాట ఎవరు చెప్పినా ఆ వస్తువు అక్కడే పెట్టి వచ్చేయండి.

గన్ అలా కాదు. మోటారు తిరిగే తిరుగుడును లోపలి కడ్డీ ముందుకీ వెనక్కీ పోటుగా మారుస్తుంది, కుట్టు మిషన్‌లో సూది పైకీ కిందికీ ఆడినట్టు. అమెరికాలో ఒక కైరోప్రాక్టరు (వెన్ను, కీళ్లను చేత్తో సరిచేసే వైద్యుడు) 2007లో మోటారు సైకిల్ ప్రమాదంలో దెబ్బతిని, తన నొప్పి కోసం కరెంటు పనిముట్టును మార్చి వాడుకోవడంతో ఇది మొదలైంది. థెరాగన్ పేరుతో 2016లో మార్కెట్లోకి వచ్చింది. వాటి పెద్ద మోడళ్లలో తల 16 మిల్లీమీటర్ల దూరం పోటు వేస్తుంది. మనకు రెండు మూడు వేలకు దొరికేవాటిలో అందులో సగమో, ఇంకా తక్కువో. కాబట్టి డబ్బా మీద ముప్పై స్పీడులు అని రాసుంటే మురిసిపోకండి, స్పీడు కన్నా ఆ పోటు లోతే ముఖ్యం. షాపులో ఆన్ చేయించి తొడ కండ మీద గట్టిగా అదమండి. మూలిగి ఆగిపోతే ఆ మోటారులో బలం లేనట్టు.

మీ మెడకు నేను చెప్పేది చిన్న గన్, గుండ్రటి స్పాంజి తల, అన్నింటికన్నా తక్కువ స్పీడు. మెడకూ భుజానికీ మధ్య కండ ఉంటుంది చూడండి, నీళ్ల బిందె బరువు పడే చోటు, అక్కడ మాత్రమే. ఒక్కో వైపు నిమిషం, మహా అయితే రెండు. మెడ ముందు వైపు, పక్కన నాడి కొట్టుకునే చోట పెట్టొద్దు, మెదడుకు రక్తం పోయే నాళాలు అక్కడే ఉంటాయి. వెన్నుపూస ఎముకల మీదా వద్దు. నేనూ మాదాపూర్‌లో అకౌంట్స్ పని చేస్తాను, రోజంతా స్క్రీన్ ముందే. గన్‌తో నాకు ఆ రాత్రికి హాయిగా ఉండేది, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ అదే పట్టు. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి, విడిగా కీబోర్డు కొన్నాకే పట్టేయడం తగ్గింది. చేతికి తిమ్మిరి దిగుతుంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ఫిజియో దగ్గరికి వెళ్లండి.

మెడకు శాలువాలా వేసుకునేవి కూడా చూసే ఉంటారు, లోపల గుండ్రటి బంతులు తిరుగుతూ పిసుకుతాయి. షియాట్సు అని రాసి ఉంటుంది డబ్బా మీద, జపాన్ భాషలో వేళ్లతో ఒత్తడం అని అర్థం. హాయిగానే ఉంటాయి. కానీ అలాంటి ఒక మిషన్‌లో మెడ దగ్గరి బట్టలు, జుట్టు, గొలుసు చుట్టుకుని ఒకరు చనిపోయారని, మందులు, వైద్య పరికరాలను పర్యవేక్షించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో హెచ్చరిక ఇచ్చింది. మన ఇళ్లలో జడలు, చున్నీలు, పుస్తెలతాళ్లు ఉంటాయి. జడ పైకి ముడేసి, చున్నీ తీసేసి, పైగుడ్డ ఎక్కడా చిరగలేదని చూసుకుని వాడాలి. దాన్ని వేసుకుని నిద్రపోకూడదు.

మేం వాడిన నాలుగింటిలో ఇప్పటికీ పని చేస్తున్నది పొడుగు పిడి, వైరు ఉన్న సుత్తి లాంటి మిషన్. పద్దెనిమిది వందలకు కొన్నాను. చూడటానికి ఏమంత బాగుండదు, చప్పుడూ ఎక్కువే. కానీ గన్‌ను ఎవరి నడుముకు వాళ్లు పెట్టుకోవాలంటే చెయ్యి మెలితిరగాలి, దీని పిడి పొడుగు కాబట్టి అమ్మ తనంతట తానే నడుము దాకా అందుకుంటుంది. సాయంత్రం కుట్టు మిషన్ మీది నుంచి లేచాక రెండు వైపులా చెరి మూడు నిమిషాలు, చీర మీద నుంచే పెట్టుకుంటుంది. ఒకసారి లోపల నిప్పురవ్వలు కనిపించి ఆగిపోతే కోఠి ట్రూప్ బజార్ వైపు మోటార్లు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్లాను. మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయని చెప్పి నా కళ్ల ముందే మార్చాడు. గన్‌లకు ఈ సౌకర్యం లేదు, బ్యాటరీ పోయిందంటే చాలావాటికి దొరకదు. అందుకే గన్ ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు, హైదరాబాద్‌లోనే సర్వీస్ సెంటర్ ఉందా లేదా చూసుకోండి.

మాల్‌లో డబ్బులు వేసి కూర్చునే పెద్ద కుర్చీ గురించి కూడా చివర్లో అడిగారు. జపాన్‌లోని ఒసాకాలో 1954లో మొదలైన సరుకు అది, మీ బడ్జెట్‌కు రాదు, రెండు గదుల ఇంట్లో పట్టదు. వెళ్లినప్పుడు ఒకసారి కూర్చోండి, చాలు.

మీ స్థానంలో నేనుంటే ఈ నెల మీకు మాత్రం మూడు నాలుగు వేలలో చిన్న గన్ తీసుకుని, అమ్మగారి మిషన్ డబ్బు అలాగే ఉంచుతాను. పాదాల పరీక్ష అయ్యేదాకా రోజూ రాత్రి మీరే ఆవిడ పాదాలు ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం తడి, నూనె ఉంచొద్దు. కాలు ఒకటే వాచిందా, మడమ పగిలిందా, పుండు మొదలైందా అన్నది చేతికి తెలుస్తుంది. డాక్టరు ఏమన్నారో ఇక్కడ రాయండి, ఆవిడకు ఏ మోడల్ అన్నది అప్పుడు చూద్దాం.