టెక్ సందేహాలు: 50 రావాల్సిన చోట 940 ఎందుకొచ్చింది?

ప్రశ్న: మా స్థలం 30×40 అడుగులు. మూల నుంచి మూలకు ఎంత ఉండాలో విండోస్ కాలిక్యులేటర్‌లో చూశాను. 30 వర్గం, 40 వర్గం కలిపి √ నొక్కి, = కొడితే 940 వచ్చింది. మేస్త్రీ ఏమో 50 అంటున్నారు. ఎవరి లెక్క కరెక్టు?

మేస్త్రీదే. మీరు √ కంటే ముందు = నొక్కలేదు. ఈ కాలిక్యులేటర్‌లో √ మీట మొత్తం లెక్కను పట్టించుకోదు. ఆ క్షణంలో తెర మీద పెద్దగా కనిపిస్తున్న అంకెకే మూలం కడుతుంది. అప్పుడు అక్కడున్నది 1600, దాని వర్గమూలం 40. అంతకుముందే ఆగి ఉన్న 900కి ఈ 40 కలిసి 940 అయింది. 30, వర్గం మీట, +, 40, వర్గం మీట, =, ఆ తర్వాత √ నొక్కండి. 2500 కనబడి, 50కి మారుతుంది.

కాగితం మీద √ ముందు రాస్తాం కాబట్టి చాలామంది ఇక్కడా దాన్నే ముందు నొక్కుతారు. విండోస్‌లో అంకె ముందు, √ తర్వాత. ఫోన్‌లోని గూగుల్ కాలిక్యులేటర్‌లో మాత్రం రాసినట్టే √ ముందు. కీబోర్డు మీద √కి షార్ట్‌కట్ @, అంటే షిఫ్ట్ పట్టుకుని 2.

ప్రశ్న: 50,000కి 8 శాతం చొప్పున అయిదేళ్ల చక్రవడ్డీ లెక్క కట్టాలి. ఘాతం మీట కనబడక 'ఎక్స్‌ప్' అని ఉన్నది వాడితే 540 కోట్లు చూపించింది!

ఆ వడ్డీ ఇచ్చే బ్యాంకు దొరికితే మాకూ చెప్పండి. 'ఎక్స్‌ప్' ఘాతం మీట కాదు. పక్కన ఎన్ని సున్నాలో చెప్పడానికి, అంటే 10 ఘాతాలతో పెద్ద సంఖ్యలు ఎక్కించడానికి అది ఉంది. 1.08 తర్వాత అది నొక్కి 5 కొడితే 1.08ని లక్షతో గుణించినట్టు, 1,08,000 అవుతుంది. దాన్ని 50,000తో గుణిస్తే మీ 540 కోట్లు.

ఆల్ట్ పట్టుకుని 2 నొక్కితే సైంటిఫిక్ మోడ్ వస్తుంది. అక్కడ 50000 × 1.08 ^ 5 = అని కొట్టండి, ^ అంటే షిఫ్ట్‌తో 6. జవాబు 73,466.40. అసలు తీసేస్తే వడ్డీ 23,466.40.

తిరగేసి కూడా అడుగుతుంటారు: 50,000 అయిదేళ్లలో 80,000 అయితే ఏడాదికి ఎంత శాతం పడినట్టు? 80000ని 50000తో భాగిస్తే 1.6. దానికి అయిదో మూలం కావాలి. 1.6 ^ (1 ÷ 5) = కొడితే 1.0986 దాకా వస్తుంది, అంటే సుమారు 9.86 శాతం. బ్రాకెట్లు మర్చిపోతే 0.32 వస్తుంది. ఘాతం ముందు కట్టేసి, భాగహారం తర్వాత చేయడం వల్ల 1.6 ఘాతం 1, దాన్ని 5తో భాగించినట్టవుతుంది. బ్రాకెట్ల గొడవ వద్దనుకుంటే 1.6 ^ 0.2 కొట్టినా అదే.

ప్రశ్న: నా కాలిక్యులేటర్‌లో 2 ^ 3 కొడితే 1 వస్తోంది. పాడైందా?

లేదు, ప్రోగ్రామర్ మోడ్‌లో ఉన్నారు. అక్కడ ^ ఘాతం కాదు, బిట్ల మీద, అంటే బైనరీలోని 0, 1ల మీద పనిచేసే ఎక్స్‌ఓఆర్: ఒకే స్థానంలోని రెండు బిట్లూ ఒకటే అయితే 0, వేరైతే 1. బైనరీలో 2 అంటే 10, 3 అంటే 11. వాటికి అది చేస్తే 01, అంటే 1. ఆల్ట్, 2తో సైంటిఫిక్‌కి మారండి, 8 వస్తుంది.

ప్రశ్న: ఎక్సెల్‌లో =-3^2 అంటే 9 చూపిస్తోంది. మా అబ్బాయి లెక్కల పుస్తకం ప్రకారం -9 కదా?

పుస్తకమే కరెక్టు. ఎక్సెల్‌కి ముందున్న మైనస్ ఘాతం కంటే ముఖ్యం. కాబట్టి అది -3ని వర్గం చేస్తుంది. =-(3^2) అని రాస్తే -9 ఇస్తుంది. విచిత్రమేంటంటే =0-3^2 అన్నా -9 వస్తుంది. అక్కడ మైనస్ తీసివేత గుర్తు, అంకెకు అంటుకున్నది కాదు. పాత షీట్లలో ఇలాంటి ఫార్ములాలు ఉంటే ఒకసారి వెతికి చూసుకోండి, ఎర్రర్ చూపించదు కాబట్టి పైకి తెలియదు.

ఎక్సెల్‌లో వర్గమూలానికి ప్రత్యేకంగా ఫంక్షన్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. =(30^2+40^2)^0.5 చాలు, 50. ఘనమూలానికి =64^(1/3), జవాబు 4. ఇక్కడా బ్రాకెట్లు వదిలేస్తే 21.33 వస్తుంది.