సమాధానం: ఐఎల్ఓకు (అంతర్జాతీయ కార్మిక సంస్థకు) మన సంఘం నేరుగా రాయొచ్చా?

అన్నా, అడ్వాన్సు ఇచ్చి నారాయణపేట నుంచి తీసుకపోయిన కూలీలను ఇటుక బట్టీ దాటనిస్తలేరు, మా చిన్న సంఘం ఐఎల్ఓకు ఫిర్యాదు చెయ్యొచ్చా అని అడిగినవు. మీది యూనియన్ కాకుంటే నేరుగా కుదరదు. ఐఎల్ఓ రాజ్యాంగం ఆర్టికల్ 24 కింద కార్మిక సంఘాలు, యజమానుల సంఘాలే పెట్టాలె. నిర్బంధ చాకిరీపై ఐఎల్ఓ 29వ ఒడంబడికను మన దేశం 1954లనే ఆమోదించింది గనుక, యూనియన్ ఏదన్న ముందుకొస్తే దాని పేరు మీద పోవచ్చు.

జెనీవాలో ఆధునిక బానిసత్వం మీద ఐరాస ప్రత్యేక ప్రతినిధికైతే ఎవరైనా రాయొచ్చు. ఇక్కడి కేసు తేలేదాక ఆగే పని లేదు. వాళ్లు సర్కారుకు లేఖ రాస్తరు, జవాబుకు 60 రోజులు, తర్వాత ఆ లేఖలు బయటపెడతరు. తీర్పేం కాదది, ఒత్తిడి అంతే.

ఆ ప్రతినిధికి రాసేటప్పుడు "పాలమూరు వలస గోస" అని పేజీలు నింపకు. గుంపు మేస్త్రీ (కూలీలను కుదిర్చి తీసుకపోయినోడు) ఎంత అడ్వాన్సు ఇచ్చిండు, ఏ తారీఖున లారీ ఎక్కించిండు, వారానికి ఖర్చులకని ఎంత చేతిల పెడుతున్నరు, ఇవి రాయి. మేస్త్రీ లెక్కల బుక్కు ఫొటో దొరికితే ఇంకా గట్టి. బాధితులు ఒప్పుకోకుండ పేర్లు పంపొద్దు.

వీటన్నిటికంటె ముందు, బట్టీ ఉన్న జిల్లా కలెక్టరుకు 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం కింద దరఖాస్తు పెట్టు. మనుషులు బయటపడేది దాంతోనే. ముద్ర పడ్డ నకలు ఐరాస ప్రతినిధికి పంపే ఫారానికి జతచెయ్యి.