విండోస్ 11 కోసం బయోస్‌లోకి వెళ్లే ముందు

చిన్నా,

విండోస్ 11 ఎక్కదంటోందని కంప్యూటర్ మార్చేయకు. నీది ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, అది సరిపోతుంది. అడ్డం పడుతున్నవి బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే లేచి మెషీన్‌ని నడిపించే బోర్డు ప్రోగ్రాంలో, రెండు మూడు సెట్టింగులే. కాకపోతే వరుస తప్పకూడదు.

చివర్లో చెప్పే బ్యాటరీ మార్చాక, మొదట విండోస్‌లోనే పనుంది. రన్ పెట్టెలో ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) కొట్టు. బయోస్ మోడ్ ఎదురుగా లెగసీ (పాత పద్ధతి) అని ఉంటే నీ డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉన్నట్టు. దాన్ని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చకుండా బయోస్‌లో సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ చేయనిచ్చే సెట్టింగు) ఆపేస్తే మెషీన్‌కి విండోస్ కనిపించదు. అలా జరిగితే కంగారు పడకు, సీఎస్‌ఎం మళ్లీ ఆన్ చేస్తే తిరిగొస్తుంది.

మార్చడానికి కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎంబీఆర్2జీపీటీ (mbr2gpt) అనే కమాండ్ వాడు. మొదట వ్యాలిడేట్ (/validate, పరీక్ష మాత్రమే), అది సరేనన్నాకే కన్వర్ట్ (/convert). రెండిటికీ చివర అలౌఫుల్‌ఓఎస్ (/allowFullOS) తగిలించాలి, నడుస్తున్న విండోస్‌లోంచే చేయడానికి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. షాపులో సీ, డీ, ఈ అని ముక్కలు కోసి ఇస్తారు కదా, ప్రైమరీ పార్టిషన్లు (డిస్క్‌లోని మూల ముక్కలు) మూడు దాటినా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల మళ్లీ ముక్కలు పెట్టుకునే రకం) ఒక్కటున్నా ఇది ఒప్పుకోదు. అడ్డొచ్చిన వాటిలోని ఫైళ్లు బయటి డ్రైవ్‌లోకి ఎక్కించి, వాటిని తీసెయ్. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకో. ఆ కంప్యూటర్‌లోనే దాచుకుంటే తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టే.

ఇక బయోస్. రీస్టార్ట్ చేసి డిలీట్ మీట టకటకా నొక్కు. నీ ఏసుస్ బోర్డులో ఎఫ్7 కొడితే అడ్వాన్స్‌డ్ మోడ్ వస్తుంది. దేన్నీ ముట్టకముందే ప్రతి పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకో. బూట్ పేజీలో సీఎస్‌ఎం డిసేబుల్ చేసి, ఎఫ్10తో సేవ్ చెయ్. విండోస్ లేచిందా చూడు. లేచాకే మళ్లీ లోపలికెళ్లి పీటీటీ (విండోస్ 11 అడిగే టీపీఎం భద్రతా భాగానికి ఇంటెల్ పేరు) ఆన్ చెయ్, ఆ తర్వాత సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చేది). అన్నీ ఒకేసారి మారిస్తే ఏది చెడగొట్టిందో తెలీదు. శాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) జోలికి మాత్రం పోకు, అందులోని ఏహెచ్‌సీఐ, రెయిడ్ అటూఇటూ చేస్తే విండోస్ లేవక నీలి తెరే.

సీఎస్‌ఎం తీశాక మానిటర్ నల్లగా ఉండిపోతే, గ్రాఫిక్స్ కార్డు మరీ పాతదై యూఈఎఫ్‌ఐని (సీఎస్‌ఎం తీశాక మిగిలే కొత్త బూట్ పద్ధతిని) అర్థం చేసుకోవట్లేదేమో. పవర్ కేబుల్ పీకి, కార్డు తీసి, మానిటర్ కేబుల్ బోర్డుకే పెట్టి చూడు.

గడియారం తరచూ వెనక్కెళ్తోందన్నావు. అది బోర్డు మీద గడియారాన్ని, బయోస్ సెట్టింగుల్ని నిలిపి ఉంచే సీమోస్ బ్యాటరీ పని. నాణెంలా ఉండే సీఆర్2032, 3 వోల్టులది. అది నీరసిస్తే ఈ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీవైపోతాయి, సీఎస్‌ఎం మళ్లీ మొదటికొస్తుంది. అందుకే దాన్ని ముందే మార్చి, ఆ తర్వాత పైవన్నీ మొదలుపెట్టు.

— పెదనాన్న